బియర్డెడ్ డ్రాగన్ కి నీళ్ళు పట్టడానికి స్మార్ట్ గాడ్జెట్ అవసరమా? నా ఓటు సూది లేని సిరంజికే

ఈ సైట్ లో నేను రాసేవన్నీ ఫోన్లు, ఇయర్ బడ్స్, స్మార్ట్ వాచ్ ల గురించే. ఈసారి సబ్జెక్ట్ మాత్రం ఒక బల్లి. కంగారు పడకండి, ఇందులో కూడా గాడ్జెట్లు ఉన్నాయి. ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉన్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అమెరికాలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళల్లోనే ఇప్పుడు నాలుగైదు బియర్డెడ్ డ్రాగన్లు ఉన్నాయి. కథ అన్ని చోట్లా ఒకటే. పిల్లాడికి కుక్క కావాలి, అపార్ట్ మెంట్ వాళ్ళు ఒప్పుకోరు. పిల్లి అంటే బొచ్చు రాలుతుందని అమ్మ ఒప్పుకోదు. చివరికి అరవని, బొచ్చు లేని, చేతి మీద బుద్ధిగా కూర్చునే ఈ గడ్డం బల్లి దగ్గర అందరూ రాజీ పడతారు. ట్యాంక్, లైట్లు కొన్న మర్నాటి నుంచి షాపింగ్ యాప్ మొదలుపెడుతుంది: దీనికి ఫాగర్ కావాలి, ఆటోమేటిక్ మిస్టింగ్ కిట్ కావాలి, వైఫై తో పనిచేసే హ్యుమిడిటీ కంట్రోలర్ కావాలి. అన్నిటి మీదా ఒకటే మాట, "హైడ్రేషన్".

మా ఇంట్లో కూడా ఒకటుంది. పేరు భీముడు, మా అబ్బాయి పెట్టాడు. వయసు మూడేళ్ళు, బరువు 410 గ్రాములు. మేముండేది ఆరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్ లో. గత ఐదు నెలల్లో ఒక ఫాగర్, ఒక మిస్టింగ్ కిట్, ఒక ఫౌంటెన్ గిన్నె, రెండు బ్లూటూత్ హైగ్రోమీటర్లు, ఒక కిచెన్ స్కేల్ వాడి చూశాను. అన్నీ నా డబ్బులతో కొన్నవే, ఏ కంపెనీ రివ్యూ కోసం పంపినవి కావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: హైడ్రేషన్ పేరుతో అమ్మే గాడ్జెట్లలో ఎక్కువ భాగం గాలిని తడుపుతాయి, బల్లి దాహం తీర్చవు. మీ డబ్బు కొలిచే వస్తువుల మీద పెట్టండి. నీళ్ళు మాత్రం మీ చేత్తోనే పట్టండి.

ముందు ఈ జీవి గురించి రెండు ముక్కలు

పెట్ షాపుల్లో ఎక్కువగా దొరికే రకం పేరు పొగోనా విటిసెప్స్. సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి భాగంలోని ఎండు నేలలు. మన ఊళ్ళల్లో కంచె మీద కూర్చుని తల ఆడించే తొండ తెలుసు కదా, ఇది ఆ కుటుంబంలోదే. ఆగమిడే అంటారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన సామెత, సైన్స్ ప్రకారం మాత్రం తొండకి చుట్టం ఈ గడ్డం వాడే.

ఎండు నేలలో పుట్టింది కాబట్టి దీనికి నీళ్ళు పెద్దగా అక్కర్లేదని కొందరు షాపుల వాళ్ళు చెబుతారు. అది సగం నిజం. నీళ్ళు తక్కువ దొరికే చోట బతకడం దీనికి వచ్చు. దొరికిన ప్రతి చుక్కనీ దాచుకుంటుంది కూడా. మనలాగా చెమట పట్టదు. యూరియాని నీళ్ళలో కలిపి మూత్రంగా పారబోయడం బదులు యూరిక్ యాసిడ్ గా మార్చి, గట్టి తెల్ల ముద్దలా బయటికి పంపుతుంది. దాన్నే యూరేట్ అంటారు. దీనివల్ల చాలా నీళ్ళు మిగులుతాయి. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఒంట్లో నీళ్ళు మరీ తగ్గితే ఆ యూరిక్ యాసిడ్ సరిగా బయటికి పోదు. రక్తంలో పేరుకుంటుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, కీళ్ళలో చేరితే గౌట్ వస్తుంది. ఇవన్నీ నెలల తరబడి లోలోపల జరుగుతాయి. బల్లి అరవదు, గిన్నె దగ్గరికి వచ్చి తోక ఊపదు. పైకి చూస్తే ఎప్పటిలాగే రాయి మీద కూర్చుని ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని నేను అంత సీరియస్ గా తీసుకుంటున్నాను.

తేమ వేరు, దాహం వేరు

గాడ్జెట్ కంపెనీల వ్యాపారం మొత్తం ఒక గందరగోళం మీద నడుస్తోంది. గాలిలో తేమ శాతాన్నీ, ఒంట్లో నీటినీ ఒకటే అన్నట్టు చూపిస్తారు. యాప్ తెరిస్తే పెద్ద అక్షరాల్లో 38 శాతం, పక్కన పచ్చ టిక్కు. అంతా బాగానే ఉంది అనిపిస్తుంది. ఆ అంకె గాలి గురించి చెబుతోంది. బల్లి ఈరోజు నీళ్ళు తాగిందో లేదో దానికి తెలియదు.

బియర్డెడ్ డ్రాగన్ కి మామూలుగా 30 నుంచి 40 శాతం తేమ సరిపోతుంది. అంతకంటే బాగా ఎక్కువై, ట్యాంక్ లో గాలి ఆడకపోతే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వస్తాయి. బాగా తక్కువైతే ఊపిరి ద్వారా, చర్మం ద్వారా నీళ్ళు ఎక్కువ పోతాయి, కుబుసం సరిగా ఊడదు. కాబట్టి తేమని గమనించాలి, అందులో సందేహం లేదు. కానీ చర్మం ద్వారా గాలిలోని నీటిని పీల్చుకుని ఇది దాహం తీర్చుకోలేదు. దాని చర్మం మీద గట్టి కెరటిన్ పొర ఉంటుంది. నీళ్ళు నోట్లోంచే వెళ్ళాలి. అడవిలో వాన పడితే ఇది ఏం చేస్తుందో చూస్తే అర్థమవుతుంది. ఒళ్ళు వెడల్పుగా పరిచి, వెనక భాగం ఎత్తి, తల కిందికి వంచుతుంది. వీపు మీద పడ్డ నీళ్ళు జారి మూతి దాకా వస్తాయి, వాటిని నాకుతుంది. వానలో నిలబడ్డా కూడా చివరికి నోటితోనే తాగాలి.

ఇంకో విషయం, ఇది మన గాడ్జెట్ ప్రియులకి నచ్చుతుంది. తేమ శాతం అనేది ఉష్ణోగ్రతతో ముడిపడిన అంకె. ట్యాంక్ లో చల్లటి వైపు 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 శాతం చూపిస్తే, అదే గాలి దీపం కింద 40 డిగ్రీలకి వేడెక్కేసరికి సుమారు 18 శాతమే చూపిస్తుంది. గాలిలో నీళ్ళు ఒక్క చుక్క కూడా తగ్గలేదు, అంకె మాత్రం సగానికి పైగా పడిపోయింది. ఇప్పుడు మీరు సెన్సార్ ని దీపం కింద పెట్టారనుకోండి. యాప్ "తేమ ప్రమాదకరంగా తక్కువ" అని ఎర్ర రంగులో అరుస్తుంది, కంట్రోలర్ వెంటనే ఫాగర్ ఆన్ చేస్తుంది, చల్లటి వైపు చెమ్మ చేరిపోతుంది. తప్పు చోట పెట్టిన సెన్సార్ కి ఆటోమేషన్ తగిలిస్తే ఇలాగే ఉంటుంది. సెన్సార్ ఎప్పుడూ చల్లటి వైపు, నేలకి కొంచెం పైన, నీళ్ళ గిన్నెకి దూరంగా ఉండాలి.

ఇప్పుడు ఒక్కో వస్తువు సంగతి

ఫాగర్: నేను కొన్నది 45 డాలర్లు. చూడ్డానికి చాలా బాగుంటుంది, ట్యాంక్ లో ఊటీ పొగమంచు దిగినట్టు ఉంటుంది. మా అబ్బాయి స్నేహితులంతా వీడియోలు తీసుకున్నారు. భీముడిని బయట ఉంచి, ఖాళీ ట్యాంక్ లోనే నడిపి చూశాను. దీపాలు ఆర్పి ఉంటే ఇరవై నిమిషాల్లో తేమ 70 శాతం దాటింది. వర్షారణ్యాల్లో పుట్టిన కప్పలకి ఇది అవసరం కావచ్చు. ఎడారి బల్లికి ఇది జలుబు మెషీన్. పైగా అల్ట్రాసోనిక్ ఫాగర్ లో ట్యాప్ నీళ్ళు పోస్తే, మా ఫీనిక్స్ నీళ్ళలో ఉండే ఖనిజాలన్నీ తెల్లటి పొడిలా అద్దాల మీద పేరుకుంటాయి. దాని నీళ్ళ ట్యాంకుని తరచూ కడగకపోతే బ్యాక్టీరియా పెరిగి, అదే పొగతో పాటు బయటికి వస్తుంది. నా రేటింగ్ 10 కి 1. ఆ ఒక్కటి కూడా వీడియోలకే.

ఆటోమేటిక్ మిస్టింగ్ కిట్: సుమారు 100 డాలర్లు. టైమర్ పెడితే రోజుకి ఇన్నిసార్లు అని సన్నటి తుంపర చల్లుతుంది. ఆకుల మీద నిలిచిన చుక్కలు నాకి బతికే ఊసరవెల్లికి ఇది చాలా మంచి వస్తువు. మన వాడికి వచ్చేసరికి సమస్య ఏమిటంటే, తుంపర పడేటప్పుడు భీముడు ఎక్కడ ఉంటాడో మెషీన్ కి తెలియదు. పదిలో ఎనిమిదిసార్లు అది తడిపింది మట్టిని. తడిసిన మట్టి రాత్రంతా చెమ్మగా ఉంటుంది, దాని మీద పొట్ట ఆనించి పడుకోవడం బల్లికి మంచిది కాదు. నా రేటింగ్ 10 కి 3.

ఫౌంటెన్ గిన్నె: 28 డాలర్లు, చిన్న పంపుతో నీళ్ళు కదులుతూ ఉంటాయి. ఐడియా వెనక నిజం ఉంది. చాలా బియర్డెడ్ డ్రాగన్లు నిలవ నీటిని పట్టించుకోవు, కదిలే చుక్కని మాత్రం గమనిస్తాయి. భీముడు మొదటి వారం రోజూ వచ్చి చూశాడు, రెండుసార్లు తాగాడు. తర్వాత దాని మీదకెక్కి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు, ఇంకొన్నాళ్ళకి అందులోనే మలవిసర్జన చేశాడు. మామూలు గిన్నె అయితే ఒక్క నిమిషంలో కడిగేస్తాం. దీన్ని పంపు విప్పి, ఫిల్టర్ తీసి కడగాలి. రోజూ ఆ ఓపిక ఉంటే కొనుక్కోండి. నా రేటింగ్ 10 కి 5.

డిజిటల్ హైగ్రోమీటర్: ఇది కొనాలి. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లు వద్దు, వాటిని నమ్మలేం. డిజిటల్ లో కూడా లోపల ఏ సెన్సార్ ఉందో చూడండి. బాగా చవక వాటిలో, సొంతంగా తయారు చేసుకునే కిట్లలో వచ్చే డీహెచ్‌టీ11 సెన్సార్ కొలవగలిగేది 20 శాతం నుంచే, తేడా 5 శాతం దాకా ఉండొచ్చు. మా ఆరిజోనాలో వేసవిలో అసలు తేమే 20 లోపు ఉంటుంది, ఇక అది ఏం కొలుస్తుంది! డీహెచ్‌టీ22 గానీ, సెన్సిరియన్ కంపెనీ ఎస్‌హెచ్‌టీ సిరీస్ గానీ ఉన్నవి నయం. 15 డాలర్లలో దొరుకుతాయి.

కొన్నాక ఒక టెస్ట్ చేయండి. సోడా సీసా మూతలో ఉప్పు వేసి, తడి ముద్ద అయ్యేంత వరకే నీళ్ళు పోయండి. ఆ మూతనీ మీటర్ నీ ఒక జిప్ కవర్ లో పెట్టి, గాలి పోకుండా మూసి, ఒక రాత్రంతా వదిలేయండి. గది ఉష్ణోగ్రత దగ్గర లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ మీటర్ 69 చూపిస్తే, అది 6 తక్కువ చూపిస్తోందని లెక్క. నా రెండిట్లో ఒకటి 74, ఇంకోటి 68 చూపించాయి. డబ్బాల మీద రెండిటికీ ఒకటే యాక్యురసీ రాసి ఉంది. బ్లూటూత్, యాప్, క్లౌడ్ గ్రాఫులు ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి. నా రేటింగ్ 10 కి 8.

కిచెన్ స్కేల్: ఒక గ్రాము తేడా కూడా చూపించే మామూలు వంటింటి త్రాసు, 12 డాలర్లు. ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో బల్లిని కూర్చోబెట్టండి. వారానికి ఒకసారి, అదే రోజు, పొద్దున్న తిండి పెట్టకముందు తూచి రాసుకోండి. తిన్నాక, మలవిసర్జన చేశాక కొన్ని గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. వరసగా మూడు నాలుగు వారాలు కిందికే దిగుతుంటే గానీ, ఉన్నట్టుండి పదో వంతు బరువు తగ్గితే గానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈ లిస్టులో బల్లిని నేరుగా కొలిచే గాడ్జెట్ ఇదొక్కటే. నా రేటింగ్ 10 కి 9.

సూది లేని సిరంజి: ఒక మిల్లీలీటర్ ది, మందుల షాపులో డాలర్ లోపే. చార్జింగ్ అక్కర్లేదు, అప్డేట్లు రావు. దీని పని కింద వివరంగా చెబుతాను. నా రేటింగ్ 10 కి 9.5. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, మా ఇంట్లో వారానికొకటి కనబడకుండా పోతోంది.

నీళ్ళు లోపలికి వెళ్ళే అసలు దారులు

మొదటిది తిండి. పెద్ద బియర్డెడ్ డ్రాగన్ తిండిలో ఎక్కువ భాగం ఆకుకూరలే ఉండాలి. వాటిలో నూటికి 85 నుంచి 95 వంతులు నీళ్ళే. అమెరికన్ స్టోర్లలో దొరికే కొలార్డ్ గ్రీన్స్, ఎండైవ్, డాండెలియన్ ఆకులు మంచివి. ఇండియన్ స్టోర్ కి వెళ్తే ఆవాకు తెచ్చుకోవచ్చు, అప్పుడప్పుడు కొంచెం కొత్తిమీర వేయొచ్చు. పాలకూర, చుక్కకూర రోజువారీ తిండిగా వద్దు. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియం ఒంటికి పట్టనివ్వవు. గోంగూర కూడా ఆ జాబితాలోనే ఉంచండి, మనకి ఎంత ఇష్టమైనా సరే. అవకాడో అసలు పెట్టకూడదు.

ఆకులు కడిగాక దులపకండి. ఆ తడితోనే పెట్టండి. గిన్నె మాత్రం చల్లటి వైపు ఉంచండి. దీపం కింద పెట్టిన ఆకు గంటలో అప్పడంలా ఎండిపోతుంది, అందులో ఇక నీళ్ళేం ఉంటాయి?

పురుగుల్లో కూడా తేడా ఉంది. హార్న్ వార్మ్ లో సుమారు 85 శాతం, పట్టుపురుగులో 80 శాతానికి పైగా నీళ్ళే. కీచురాళ్ళలో 70 శాతం దాకా ఉంటుంది. మీల్ వార్మ్ లో 60 శాతానికి కొంచెం పైన. అందుకే ఒంట్లో నీళ్ళు తగ్గాయనిపించిన వారం మీల్ వార్మ్ లు ఆపి ఒకటో రెండో హార్న్ వార్మ్ లు ఇస్తే నీళ్ళూ అందుతాయి, వాడూ సంబరపడతాడు. పుచ్చకాయ ముక్క కూడా నీళ్ళే, కానీ చక్కెర ఉంది కాబట్టి ఎప్పుడో ఒకసారి, చిన్న ముక్క.

రెండోది చుక్కలు. సిరంజితో నీళ్ళు తీసుకుని, మూతి చివర, ముక్కు రంధ్రాలకి తగలకుండా ఒక్కో చుక్క వదలండి. చుక్క జారి పెదవి దగ్గరికి రాగానే నాలుక బయటికి వస్తుంది. ఒకసారి మొదలుపెడితే కళ్ళు మూసుకుని చాలాసేపు నాకుతూనే ఉంటాడు. ఆగిపోతే మీరూ ఆపేయండి. నోరు తెరిచి లోపలికి బలవంతంగా కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పిల్లలకిచ్చే ఎలక్ట్రోలైట్ డ్రింకులు డాక్టర్ చెప్పకుండా పట్టొద్దు, మంచి నీళ్ళు చాలు. మా ఇంట్లో ఇది మా అబ్బాయి డ్యూటీ, స్కూల్ బస్సుకి ముందు మూడు నిమిషాల పని. ఎన్ని చుక్కలు తాగాడో క్యాలెండర్ మీద రాస్తాడు. ఏ యాప్ కూడా నాకు ఆ సమాచారం ఇవ్వలేదు.

మూడోది స్నానం. గోరువెచ్చటి నీళ్ళు, భుజం దాకా మించని లోతు, పది పదిహేను నిమిషాలు, మనం పక్కనే ఉండి. కొన్ని ఆ నీళ్ళు తాగుతాయి, కొన్ని తాగవు. మలబద్ధకం ఉంటే మాత్రం బాగా పనికొస్తుంది. స్నానం చేయిస్తే చర్మంలోంచి నీళ్ళు ఇంకిపోతాయన్న నమ్మకంతో మిగతావి మానేస్తే నష్టపోతారు.

ఇక నిస్సారమైన గిన్నె నీళ్ళు కూడా ఉంచండి, రోజూ మార్చండి. తాగకపోయినా ఉండాలి. మాలాంటి ఎడారి ఊళ్ళల్లో తేమ 20 లోపు పడిపోతే, కొంచెం పెద్ద గిన్నె పెడితేనే చాలావరకు సర్దుకుంటుంది. షికాగో వైపు ఉన్న వాళ్ళకి చలికాలంలో హీటర్ వల్ల ఇదే ఇబ్బంది వస్తుంది. బయట 5 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లో 24 డిగ్రీలకి వేడెక్కితే 23 శాతానికి వచ్చేస్తుంది. అప్పుడు గదికి మామూలు హ్యుమిడిఫయర్ పెట్టుకోండి. మీ గొంతుకీ మంచిది, బల్లికీ మంచిది. ట్యాంక్ లోపల మాత్రం పొగ వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో పెంచేవాళ్ళకైతే తేమ పెంచే వస్తువు అసలు ఆలోచనే అక్కర్లేదు, గాలి ఆడేలా చూసుకోవడమే వాళ్ళ సమస్య. అన్నట్టు, ఎక్కడ ఉన్నా కొనే ముందు అక్కడి చట్టం ఏం చెబుతుందో కనుక్కోండి. దీని సొంత దేశం ఆస్ట్రేలియాలోనే కొన్ని రాష్ట్రాల్లో దీన్ని పెంచడానికి లైసెన్స్ కావాలి.

ఏం చూడాలి?

యాప్ మూసేసి వీటిని చూడండి.

యూరేట్: తెల్లగా, మెత్తగా ఉంటే బాగున్నట్టు. పసుపు లేదా నారింజ రంగులోకి మారి, సుద్దముక్కలా గట్టిగా ఉంటే నీళ్ళు తక్కువయ్యాయి.

కళ్ళు: లోపలికి పోయినట్టు కనబడితే అప్పటికే ఆలస్యమవుతోందని అర్థం.

నోరు: లోపల తడిగా మెరవాలి. లాలాజలం జిగురుగా తీగలు సాగుతుంటే మంచి సంకేతం కాదు.

చర్మం: పక్కన మెల్లగా పట్టుకుని వదిలితే త్వరగా మామూలుగా అయిపోవాలి. కానీ దీని చర్మం మామూలుగానే వదులుగా, మడతలుగా ఉంటుంది కాబట్టి ఇదొక్కటే చూసి నిర్ణయించకండి.

వీటిలో రెండు కలిసి కనిపించినా, తిండి మానేసి నీరసంగా పడి ఉన్నా, ఇంటి వైద్యం వద్దు. సరీసృపాలని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అలాంటి డాక్టర్ మీకు దగ్గర్లో ఎవరున్నారో బల్లిని కొనకముందే తెలుసుకుని ఉంచుకోండి, అవసరం వచ్చిన రోజు వెతకడం కష్టం.

"గాడ్జెట్ కూడా ఉంటే తప్పేంటి?"

చాలామంది ఇదే అడుగుతారు. చేత్తో పట్టడం సరే, దానితో పాటు మెషీన్ కూడా ఉంటే ఇంకా భద్రం కదా అని. మాటవరసకి బాగానే ఉంటుంది. కానీ ఆటోమేటిక్ వస్తువు ఇంట్లోకి వచ్చాక చూసేవాళ్ళు తగ్గిపోతారు. అదీ నా భయం.

మన వాళ్ళకి ఇది ఎక్కడ తగులుతుందంటే, ఇండియా ట్రిప్ దగ్గర. డిసెంబర్లోనో, స్కూల్ సెలవుల్లోనో మూడు నాలుగు వారాలు ఊరెళ్తాం. నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే వెళ్ళింది. ట్యాంక్ కి పూర్తి స్మార్ట్ సెటప్, కెమెరా, కంట్రోలర్ అన్నీ ఉన్నాయి. పక్కింటి కుర్రాడు రోజు మార్చి రోజు వచ్చి ఆకులు, పురుగులు వేసి వెళ్ళేవాడు. ఆ నాన్న హైదరాబాద్ లో కూర్చుని రోజూ యాప్ చూసుకున్నాడు. ఇరవై నాలుగు రోజులూ పచ్చ టిక్కే. కెమెరాలో బల్లి రాయి మీద కూర్చుని కనిపించేది, ఎప్పుడూ కూర్చునేదే కదా. ఆకులు దీపం వేడికి ఎండిపోతున్నాయని గానీ, వాటిని అది ముట్టుకోవడం లేదని గానీ ఎవరూ గమనించలేదు. తిరిగొచ్చేసరికి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. డాక్టర్ చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కించారు, రక్త పరీక్షలో యూరిక్ యాసిడ్ చాలా ఎక్కువ వచ్చింది. బతికింది. ఇప్పటికీ పరీక్షలకి తీసుకెళ్తూనే ఉన్నారు. ఆ ఇంటి ఏడేళ్ళ పాప వాళ్ళ నాన్నని అడిగిన ప్రశ్న నాకు చెప్పాడు: "యాప్ అబద్ధం చెప్పిందా నాన్నా?"

యాప్ అబద్ధం చెప్పలేదు. గాలి గురించి నిజమే చెప్పింది. ఆ పచ్చ టిక్కు పక్కన "హైడ్రేషన్ బాగుంది" అని రాసిన కంపెనీదే అబద్ధం. తేమని కొలిచే పరికరం తేమ అని రాయాలి. ఫోన్ బ్యాటరీ గురించి గొప్పలు చెబితే మహా అయితే మనం మధ్యాహ్నం చార్జర్ వెతుక్కుంటాం. ఇక్కడ నష్టపోయేది తన ఇబ్బంది చెప్పుకోలేని జీవి. ఇలాంటి వస్తువుల్ని రివ్యూ చేసేవాళ్ళు కూడా యాప్ డిజైన్ కి మార్కులు వేసి ఊరుకోకుండా, ఈ మాట అడగాలని నా అభిప్రాయం.

ఊరెళ్ళేవాళ్ళకి నా సలహా సింపుల్. మిస్టింగ్ కిట్ కొనే 100 డాలర్లు, రోజూ వచ్చి చూసే మనిషికి ఇవ్వండి. వెళ్ళే ముందు ఆ మనిషి చేత రెండుసార్లు మీ ఎదురుగా సిరంజితో చుక్కలు పట్టించండి. రోజూ మూడు ఫోటోలు వాట్సాప్ లో పెట్టమనండి: బల్లి మొహం, యూరేట్, మిగిలిన ఆకుల గిన్నె. వారానికొకసారి త్రాసు మీద బరువు ఫోటో. డాక్టర్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. ఎవరూ దొరక్కపోతే సరీసృపాలని ఉంచుకునే బోర్డింగ్ లో వదిలి వెళ్ళండి.

చివరిగా, ఏం కొనాలి?

కొనండి: ఒక మంచి డిజిటల్ హైగ్రోమీటర్ (15 డాలర్లు), కిచెన్ స్కేల్ (12 డాలర్లు), సిరంజిలు (ఒక డాలర్). మొత్తం 28 డాలర్లు.

ఓపిక ఉంటే కొనండి: ఫౌంటెన్ గిన్నె.

వద్దు: మిస్టింగ్ కిట్, ఫాగర్, వాటిని నడిపే వైఫై కంట్రోలర్. ఈ మూడూ కలిపితే 200 డాలర్ల దాకా అవుతుంది. ఆ డబ్బుతో ఏడాదికొకసారి డాక్టర్ దగ్గర చెకప్ చేయించండి.

ఇంటికి ఈ జీవిని తెచ్చుకునే ఆలోచనలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. బాగా చూసుకుంటే ఇది పదేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బతుకుతుంది. ఈ లోపు మీరు నాలుగు ఫోన్లు మారుస్తారు. రోజుకి మూడు నిమిషాలు దీని మూతి మీద చుక్కలు వేసే తీరిక మీ ఇంట్లో ఒక్కరికైనా ఉందనుకుంటేనే తెచ్చుకోండి.